విలన్ వేషం తప్పు కాదు, ఆపమన్నా ఆపకపోవడం తప్పు

"పదో తారీకులోగా డబ్బు కట్టకపోతే నీ షాపు తగలబెట్టేస్తా. నేనెవరో తెలుసా నీకు?"

ఒక ఆదివారం పొద్దున పులిహోరకి చింతపండు గుజ్జు ఉడికిస్తుంటే మావాడి గదిలోంచి ఈ మాటలు వినిపించాయి. గుండె గుభేలుమంది. మాది విజయవాడ. 2015లో కాల్ మనీ గొడవలు రోజూ పేపర్లో చదివి హడలిపోయినవాళ్ళం. ఇరవయ్యేళ్ళ కొడుకు, బీటెక్ మూడో సంవత్సరం, వడ్డీ వ్యాపారంలో గానీ దిగాడా అనుకుని చేతిలో గరిటెతోనే పరిగెత్తాను.

వాడు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. తెర మీద తెల్ల సూటు వేసుకున్న బొమ్మ మనిషి ఒకడు, ఎదురుగా చేతులు కట్టుకుని మెకానిక్కు బొమ్మ. నన్ను చూసి మైకు ఆపి, "అమ్మా, అరిచింది నేను కాదు, దయానిధి. నా క్యారెక్టర్. విలన్," అన్నాడు.

"నిజంగా ముంచేవాళ్ళు ఇలా అరవరు నాన్నా," అనేసి వంటింట్లోకి వచ్చేశాను. నా ఈ వ్యాసం అక్కడ మొదలైంది.

ముందు ఆ ఆట ఏమిటో చెప్తాను. నాకూ అప్పటిదాకా తెలియదు, కాబట్టి తెలియనివాళ్ళు సిగ్గుపడక్కర్లేదు. జీటీఏ ఫైవ్ అని 2013లో వచ్చిన ఆట. లాస్ ఏంజెలెస్‌ని చూసి కల్పించిన లాస్ శాంటోస్ అనే ఊళ్ళో కార్లు ఎత్తుకుపోవడం, తుపాకులు పేల్చడం దాని అసలు కథ. పెద్దవాళ్ళ కోసం చేసిన ఆటే. యూరప్‌లో దాని డబ్బా మీద 18 అని ముద్ర ఉంటుంది. మీ ఇంట్లో ఎనిమిదో తరగతి పిల్లాడు ఆడుతుంటే ఈ వ్యాసం చూపించి "చూశావా, ఆ ఆంటీ మంచిదే అంది" అనిపించుకోకండి. నేను పెద్ద పిల్లల గురించి చెప్తున్నాను.

ఆ ఊరినే తీసుకుని, ఫైవ్‌ఎమ్ అనే ఏర్పాటుతో కొందరు సొంత సర్వర్లు నడుపుకుంటారు. మొదట్లో బయటివాళ్ళు చేసినదే అది. 2023 ఆగస్టులో ఆ ఆట తయారుచేసిన రాక్‌స్టార్ కంపెనీయే ఆ బృందాన్ని తనలో కలిపేసుకుంది. ఈ సర్వర్లలో గెలవడం ఓడడం ప్రధానం కాదు, వేషం కట్టడం ప్రధానం. రోల్‌ప్లే అంటారు, ముద్దుగా ఆర్‌పి. ఒకడు టాక్సీ తోలతాడు, ఒకడు పోలీసు, ఒకమ్మాయి ఆంబులెన్స్ డాక్టరు, ఇంకొకడు కార్లు బాగుచేస్తాడు. మైకులో మాట్లాడుకుంటారు. దగ్గరికి నడిచివెళ్తే మాట పెద్దగా వినిపిస్తుంది, దూరమైతే తగ్గిపోతుంది. మావాడు ఆడే సర్వర్‌లో అందరూ తెలుగువాళ్ళే. గుంటూరు యాస, కరీంనగర్ యాస, అమెరికాలో ఉద్యోగం చేసుకుంటూ వాళ్ళ పొద్దుటిపూట వచ్చి మన రాత్రి గస్తీ తిరిగే పోలీసు ఒకాయన. మా వీధిలో కూడా ఇన్ని యాసలు వినపడవు.

రాసిపెట్టిన కథ ఉండదు. ఆడేవాళ్ళే అల్లుకుంటూ పోతారు. అందుకని నియమాలు ఉంటాయి. కారణం లేకుండా ఎవరినీ కాల్చకూడదు. ఎదుటివాడికి బదులిచ్చే అవకాశం లేకుండా "నిన్ను కట్టేశాను, అయిపోయింది" అనకూడదు, దాన్ని పవర్‌గేమింగ్ అంటారు. తుపాకీ గురిపెడితే ప్రాణభయం ఉన్నట్టు ప్రవర్తించాలి. ఆట బయట తెలిసిన సంగతి ఆటలో పాత్రకి తెలిసినట్టు వాడకూడదు, అది మెటాగేమింగ్. పక్కింటావిడ చెప్పిన కబురు మళ్ళీ వాళ్ళ కోడలి ముందు తెలియనట్టు నిలబడటమన్నమాట. ఈ విద్యలో మనం ఎప్పుడో పట్టా పుచ్చుకున్నాం. అన్నిటికన్నా పెద్ద నియమం, పాత్రలోంచి బయటికి రాకూడదు. మధ్యలో "నాకు అమ్మ పిలుస్తోంది" అనకూడదు. ఈ ఆఖరి నియమాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

ఆ రాత్రి అన్నం తింటూ మావాడు అడిగాడు. "మరి నిజంగా ముంచేవాళ్ళు ఎలా ఉంటారమ్మా?"

నాకు తెలుసు. పదమూడేళ్ళ కిందట మా వీధిలో చీటీలు నడిపే ఒకావిడ దగ్గర నలభైవేలు పోగొట్టుకున్నాను. ఆవిడ ఏనాడూ గొంతు పెంచి మాట్లాడలేదు. చీటీ పాటకి వెళ్తే కాఫీ ఇవ్వకుండా పంపలేదు. నా చీర అంచు పట్టుకుని చూసి "నీకు ఈ రంగు ఎంత బాగుందో" అనేది. ఇంటికి తాళం పడే ముందు రోజు కూడా మావాడికి జ్వరమని తెలిసి వేడి వేడి మిరియాల చారు పంపింది. అదంతా చెప్పాను. ఎవరి అవసరం ఎంతో తెలుసుకుని వాళ్ళ చేతే "మీరు దేవుడండీ" అనిపించుకునేవాడే అసలైన విలన్ అని చెప్పాను. ఇంకో మాట కూడా చెప్పాను. వాడు పట్టుబడటానికి ఒక దారి నువ్వే వదలాలి. పట్టుబడని దొంగ బతుకులో ఉంటాడు గానీ కథలో ఉంటే చూసేవాళ్ళకి విసుగు.

దయానిధి మారిపోయాడు. అరుపులు మానేసి కాఫీలు పొయ్యడం మొదలుపెట్టాడు. లాస్ శాంటోస్‌లో చీటీల కంపెనీ తెరిచాడు. మెకానిక్కులు, టాక్సీవాళ్ళు, ఆఖరికి ఇద్దరు పోలీసులు కూడా చేరారు. ఆట డబ్బే అనుకోండి. ఆ డబ్బు కూడబెట్టడానికీ వాళ్ళు గంటల తరబడి టాక్సీ తోలారు మరి. మావాడి క్లాసులోనే చదివే ఒకమ్మాయి ఆ సర్వర్‌లో న్యూస్ రిపోర్టర్ వేషం కట్టింది. దయానిధి వదిలేసిన చిట్టా పుస్తకం ఆమె చేతికి చిక్కింది. వారం రోజులు ఒక్కొక్క సభ్యుడినీ కలిసి లెక్కలు కూడి, దయానిధి ముందు మైకు పెట్టి "సార్, ముప్పై ఏడో నంబరు సభ్యుడు ఎవరో చెప్తారా?" అని అడిగింది. అలాంటి సభ్యుడే లేడు. దయానిధి నీళ్ళు నమిలాడు. నేను ఆ రోజు కుర్చీ వేసుకుని పక్కనే కూర్చుని చూశాను. నా నలభైవేలు తిరిగొచ్చినంత సంతోషం కలిగింది.

ఈ సంగతంతా నేను ఒక పెళ్ళిలో మురిసిపోతూ చెప్తే మా ఆడపడుచు మొహం మాడ్చుకుంది. "వదినా, నువ్వే దగ్గరుండి వాడికి మోసం నేర్పుతున్నావా? రోజూ విలన్ వేషాలు వేస్తే ఆ బుద్ధులే వస్తాయి. రేపు పిల్లనిచ్చేవాళ్ళకి ఏం చెప్తావు?" అంది. చుట్టూ ఉన్న నలుగురూ తలలూపారు.

వాళ్ళకి అక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఇక్కడ చెప్తాను.

వేషం వేస్తే బుద్ధి వస్తుందంటే మన సూర్యకాంతం సంగతేమిటి? 'గుండమ్మ కథ' 1962లో వచ్చింది. అరవై ఏళ్ళు దాటినా గయ్యాళి అత్త అనగానే మనకి ఆవిడే గుర్తొస్తుంది. ఆ పేరు ఆడపిల్లలకి పెట్టుకోవడానికే జంకారు జనం. అదే సూర్యకాంతం షూటింగులకి ఇంటినుంచి వంటలు తెచ్చి అందరికీ కొసరి కొసరి పెట్టేదని ఆవిడతో పనిచేసినవాళ్ళు చెప్పుకునేవారు. ఎస్వీ రంగారావు సంగతో? 1963లో వచ్చిన 'నర్తనశాల'లో కీచకుడుగా వేసినందుకు ఆయనకి జకార్తాలో ఆఫ్రో ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి ఇచ్చారు. బుద్ధి చెడిందని ఎవరూ అనలేదు. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో పుట్టిన సురభి నాటక సమాజం మొట్టమొదట ఆడిన నాటకం 'కీచక వధ' అంటారు. కీచకుడి వేషానికి ఎవరూ ఒప్పుకోకపోతే ఆ నాటకం ఏమయ్యేది?

నలుగురు కూర్చుని కథ అల్లుకునే ఆటలో విలన్ వేషానికి ఒప్పుకోవడమంటే నేను ఓడిపోతాను అని ముందే ఒప్పుకోవడం. అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తెచ్చారు. ఈ రోల్‌ప్లే ఆటలకి పెద్దమ్మ అదే. అందులో ఒకరు డంజన్ మాస్టర్ అని ఉంటారు. రాక్షసులూ, దొంగలూ, దుష్ట మంత్రులూ అందరి మాటలూ ఆ ఒక్కరే మాట్లాడాలి. తలచుకుంటే మిగతావాళ్ళని ఒక్క పూటలో చంపేసే అధికారం ఉంటుంది. చంపేస్తే ఆట ఉండదు. మిగతావాళ్ళు భయపడి, తంటాలు పడి, చివరికి గెలిస్తేనే ఆ మనిషి బాగా ఆడినట్టు. 1980లలో అక్కడా కొందరు తల్లిదండ్రులు, చర్చిలవాళ్ళు ఇది దయ్యాల పూజ అని పెద్ద గోల చేశారు. ఆ గోల సద్దుమణిగింది, ఆట మిగిలింది. మా ఆడపడుచు కొత్తగా అన్నదేమీ లేదు.

మావాడు దయానిధి కోసం చేసిన పని చూశాను గనుక చెప్తున్నాను. ఎవరికి ఎంత నష్టం తగిలితే కథ రక్తి కడుతుందో, ఎంత తగిలితే మనిషి ఆట మానేసి వెళ్ళిపోతాడో లెక్క వేసుకునేవాడు. కొత్తగా చేరిన ఒక కుర్రాడి డబ్బు చీటీలో వేయించుకోలేదు, "వాడింకా ఊరు చూడనే లేదమ్మా" అన్నాడు. ఎదుటివాళ్ళ మనసు ఇంతగా చూసుకోవడం వాడు ఏ కాలేజీలో నేర్చుకున్నాడు? విలన్ వేషంలోనే కదా!

ఇక్కడితో ఆపేస్తే ఇది నా పుత్రరత్నం పొగడ్త అయ్యేది. మిగతాది చెప్పడం కష్టంగానే ఉంది.

చీటీల కథ అయిన నెలకి ఆ రిపోర్టర్ అమ్మాయి ఆ సర్వర్ మానేసింది. ఎందుకని మావాడిని అడిగితే "పరీక్షలమ్మా" అన్నాడు. పరీక్షలు వాడికీ ఉన్నాయి కదా! ఆ అమ్మాయి నోట్సు కోసం మా ఇంటికి వచ్చినప్పుడు టీ ఇస్తూ అడిగాను. మొదట "ఏం లేదాంటీ" అంది. రెండో బిస్కెట్టు విరుస్తూ చెప్పింది.

సర్వర్‌లో ఇంకో ముఠా నాయకుడు ఉన్నాడు. అతనూ విలనే. దయానిధిని పట్టించింది కాబట్టి తనని కూడా పట్టిస్తుందని రిపోర్టర్‌ని కిడ్నాప్ చేశాడు. కిడ్నాపు నియమాల ప్రకారం చెల్లుతుంది. ఆమె కూడా సరేనంది, మంచి కథ అవుతుందనుకుంది. అరగంట గడిచేసరికి అతని మాటలు రిపోర్టర్‌ని వదిలేసి ఈ అమ్మాయి గొంతు మీదికి వచ్చాయి. గొంతు అలా ఉంటే మనిషి ఎలా ఉంటుందో అన్నాడు. అతని మనుషులు నవ్వారు. తర్వాతి మాటలు ఆ పిల్ల నాకు చెప్పలేదు, నేను అడగలేదు. ఆమె పాత్ర పక్కన పెట్టి "ఇది నాకు ఇష్టం లేదు, ఆపండి" అంది. అతను ఏమన్నాడో తెలుసా? "పాత్రలోంచి బయటికి రాకు, రూల్ బ్రేక్ అవుతుంది. రిపోర్ట్ చేస్తా."

ఆమె సర్వర్ పెద్దలకి ఫిర్యాదు చేసింది. కిడ్నాపు చెల్లుతుంది, ఆమె మధ్యలో పాత్ర వదిలేయడమే తప్పు అన్నారు. అతను మాత్రం "అన్నది నేను కాదు, నా క్యారెక్టర్" అన్నాడట. ఆ సర్వర్ పేరు ఇక్కడ రాయను. పేరు రాస్తే అక్కడొక్కచోటే ఇలా జరుగుతుందనుకుంటారు.

టీ కప్పు కింద పెట్టి ఆ పిల్ల ఇంకో మాట అంది. "వీడు కూడా అక్కడే ఉన్నాడాంటీ."

సాయంత్రం మావాడిని కూర్చోబెట్టి అడిగాను. తల వంచుకుని, "దయానిధికి ఆమె శత్రువు కదమ్మా. క్యారెక్టర్ ప్రకారం నేనెలా ఆపుతాను?" అన్నాడు.

నేను బీఏ తెలుగు చదివాను. ఆ చదువు ఎందుకు పనికొచ్చిందని మా అత్తింట్లో ఇరవై రెండేళ్ళుగా అడుగుతూనే ఉన్నారు. ఆ సాయంత్రం పనికొచ్చింది. మాకు విరాటపర్వం పాఠం ఉండేది. ఆ సభ అంతా కళ్ళముందు కట్టింది.

పాండవుల అజ్ఞాతవాసం అంటే ఏమిటి? ఏడాది పాటు వేషం కట్టి, పాత్రలోంచి బయటికి రాకుండా బతకడం. బయటపడితే శిక్ష మామూలుది కాదు, మళ్ళీ పన్నెండేళ్ళు అడవి. ఈ పిల్లల సర్వర్‌లో ఎవరికీ అంత కఠినమైన నియమం లేదు. ధర్మరాజు కంకుభట్టు, భీముడు వలలుడనే వంటవాడు, ద్రౌపది సైరంధ్రి. కీచకుడు వెంటపడితే ద్రౌపది విరాటుడి కొలువులోకి పరిగెత్తుకొచ్చింది. నిండు సభలో కీచకుడు ఆమెని తన్నాడు. విరాటుడికి కీచకుడు బావమరిది, పైగా సేనాపతి. ఆయన నోరు మెదపలేదు. సొంత మొగుడు ధర్మరాజు అక్కడే కూర్చుని ఉన్నాడు. ఆయనా పాత్రలోంచి బయటికి రాలేదు. పైగా కొలువులో నటిలాగా ఇలా నిలబడటం మర్యాద కాదు, లోపలికి వెళ్ళమన్నాడు. అప్పుడు తిక్కన గారి ద్రౌపది తన భర్తే నటుడని ఎత్తిపొడుస్తుంది. మా లెక్చరర్ మేడమ్ ఆ చోట పుస్తకం మూసేసి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడిపోయేవారు. పంతొమ్మిదేళ్ళ వయసులో నాకు అర్థం కాలేదు.

ఆ రాత్రి ద్రౌపది వంటింటికి వెళ్ళి భీముణ్ణి లేపింది. భీముడు వేషం పోకుండానే నర్తనశాలలో దారి వెతికాడు. చంపమని ఎవరికీ చెప్పట్లేదు నేను. పాత్ర చెడకుండానే అడ్డుపడటానికి దారి ఉంటుంది, వెతికేవాడికి దొరుకుతుందని చెప్తున్నాను. "దయానిధి ఆపక్కర్లేదు. నువ్వు ఆపాలి. కొత్త కుర్రాడి డబ్బు పోకుండా చూడటానికి నువ్వు పాత్రలోంచి బయటికి వచ్చి ఆలోచించావు. నీ స్నేహితురాలి దగ్గరికి వచ్చేసరికి పాత్ర అడ్డం వచ్చిందా?" అని అడిగాను. వాడు ఏమీ అనలేదు. అన్నం తినకుండా పడుకున్నాడు. నేనూ తినలేదు.

ఇది ఈ పిల్లలు కనిపెట్టిన సాకూ కాదు. ఇంగ్లండులో ఎసెక్స్ యూనివర్సిటీలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మొదలుపెట్టగా రిచర్డ్ బార్టిల్ అనే ఇంకో విద్యార్థి తోడై, చాలామంది ఒకేసారి ఆడే మడ్ అనే ఆట తయారుచేశారు. బొమ్మలు లేవు, అంతా అక్షరాలే. ఆ పద్ధతిలోనే తర్వాత అమెరికాలో లాంబ్డామూ అనే ఊహా ప్రపంచం వచ్చింది. అందులో మిస్టర్ బంగిల్ అనే విదూషకుడి వేషం కట్టినవాడొకడు, ఒక చిన్న ప్రోగ్రామ్ సాయంతో మిగతావాళ్ళ పాత్రలు తమ ఇష్టం లేకుండానే అసహ్యమైన పనులు చేసినట్టు తెర మీద రాతలు కనిపించేలా చేశాడు. జూలియన్ డిబెల్ అనే రచయిత 1993 డిసెంబరులో 'విలేజ్ వాయిస్' పత్రికలో దాని గురించి పెద్ద వ్యాసం రాశాడు. బాధపడినవాళ్ళలో ఒకామె మర్నాడు దాని మీద ఫిర్యాదు రాస్తూ, ఇటు తన ఇంట్లో నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుందట. అక్షరాలే కదా అన్నవాళ్ళు అప్పుడూ ఉన్నారు. లాంబ్డామూ సభ్యులు సమావేశం పెట్టుకుని గంటల తరబడి వాదించుకున్నారు, తేల్చలేకపోయారు. చివరికి నిర్వాహకుల్లో ఒకడు తనంతట తానే ఆ బంగిల్ పాత్రని తుడిచేశాడు. తర్వాత ఆ లోకానికి అర్జీలూ ఓటింగూ వచ్చాయి. ముప్పై ఏళ్ళు దాటింది. అక్కడ అక్షరాలు, ఇక్కడ గొంతులు.

నాటకానికీ దీనికీ తేడా ఉంది, పిల్లలు అది గమనించాలి. 'నర్తనశాల'లో రంగారావు ఏ మాట అంటాడో సావిత్రికి ముందే తెలుసు. రాసిన కాగితం ఇద్దరి చేతుల్లోనూ ఉంది. దర్శకుడు కట్ అనగానే కీచకుడు మాయమై రంగారావు మిగులుతాడు. ఈ ఆటలో కాగితం లేదు, కట్ అనేవాడు లేడు. అవతలి మనిషి ఏమంటాడో, ఎంతదూరం వెళ్తాడో తెలియకుండానే ప్రతి మాటకీ బదులివ్వాలి. అందుకని కట్ అనే హక్కు ఆడే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉండాలి. ఇది నా వెర్రి ఊహేమీ కాదు. బల్ల చుట్టూ కూర్చుని ఆడేవాళ్ళ కోసం జాన్ స్టావ్రోపౌలోస్ అనే ఆయన ఎక్స్ కార్డ్ అనే పద్ధతి పెట్టాడు. బల్ల మీద ఇంటూ గుర్తు వేసిన అట్టముక్క ఉంటుంది. కథ ఎటు పోతున్నా సరే, ఎవరైనా దాన్ని ముట్టుకుంటే ఆ ఘట్టం అక్కడితో ఆగిపోతుంది. ఎందుకని అడగరు, సంజాయిషీ చెప్పక్కర్లేదు. ఒక అట్టముక్క! మా సందు చివరి స్టేషనరీ షాపులో రెండు రూపాయలకి దొరుకుతుంది.

"అంత కష్టమైతే కంప్యూటర్ ఆపేయొచ్చు కదా" అంటారు కొందరు. ఆ అమ్మాయి అదే చేసింది. ఎనిమిది నెలలు కష్టపడి కట్టుకున్న పాత్ర, స్నేహాలు, రాత్రిళ్ళు మేలుకుని రాసుకున్న వార్తలు అన్నీ అక్కడే వదిలేసి వచ్చేసింది. ఆ ముఠా నాయకుడు మాత్రం ఇప్పటికీ ఆ ఊళ్ళో కారు తోలుకుంటూ తిరుగుతున్నాడు. బస్సులో ఎవడో చెయ్యి వేస్తే ఆడపిల్లని దిగిపోమనే ఊళ్ళో ఉన్నాం కాబట్టి మనకిది న్యాయంగానే అనిపిస్తుంది. "అసలు ఆడపిల్లకి ఆ ఆటలెందుకు" అనేవాళ్ళకి చెప్పేదేముంది! దయానిధి చిట్టా లెక్క తప్పని ఆ సర్వర్‌లో కనిపెట్టిన బుర్ర ఆ పిల్లదొక్కదానిదే.

"అన్నది నేను కాదు, క్యారెక్టర్." ఈ మాట వినగానే నాకు ఎక్కడో విన్నట్టు అనిపించింది. మీకూ అనిపించి ఉంటుంది. మన ఇళ్ళల్లో దీని పేరు "సరదాకి అన్నానులే." మా బావగారు నా పెళ్ళయిన కొత్తలో పదిమందిలో "మా మరదలు తెలుగు బీఏ, ఉత్తరం రాయాలంటే ఊరంతా ఈవిడ దగ్గరికే రావాలి" అని నవ్వించారు. అప్పటినుంచి ప్రతి శుభకార్యంలోనూ నా చదువు మీదో, నా ఒళ్ళు మీదో, మా పుట్టింటివాళ్ళు పెట్టిన సారె మీదో ఒకటి ఉంటుంది. నా మొహం మాడితే "సరదాకి అన్నానమ్మా, ఆమాత్రం తెలియదా" అంటారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వుతారు. మా ఆయన పప్పు వడ్డించుకుంటారు. ఇప్పుడు చెప్పండి, మావాడు ఆ సర్వర్‌లో ఊరుకోవడం ఎక్కడ నేర్చుకున్నాడు? దయానిధి దగ్గర కాదు. మా ఇంటి పంక్తిలో, వాళ్ళ నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఆ పంక్తిలో నేను కూడా ఉన్నాను, నవ్వుమొహం పెట్టుకుని.

కాబట్టి అమ్మలకి నేను చెప్పేది ఇది. పిల్లల గదిలోంచి విలన్ అరుపులు వినిపిస్తే వైరు పీకేయకండి. కుర్చీ వేసుకుని ఒక్క గంట పక్కన కూర్చోండి. రెండే ప్రశ్నలు అడగండి. నీ విలన్ ఎలా ఓడిపోతాడు? అవతలివాళ్ళు ఆపమంటే నువ్వేం చేస్తావు? మొదటిదానికి జవాబు ఉంటే వాడు కథ చెప్తున్నాడు, నిశ్చింతగా వెళ్ళి వంట చేసుకోండి. రెండోదానికి జవాబు లేకపోతే మాత్రం కూర వేగుతున్నా స్టవ్ ఆపి వచ్చి కూర్చోండి.

మావాడు మూడో రోజు ఆ అమ్మాయికి ఫోన్ చేసి క్షమించమన్నాడు. ఆమె "సరేలే" అందట. సర్వర్‌కి మాత్రం తిరిగి రానంది. వాడు సర్వర్ పెద్దలకి ఒక అర్జీ రాశాడు. ఒక మాట పెట్టుకుందాం, ఎవరు ఆ మాట అన్నా ఘట్టం ఆగిపోవాలి, అది పాత్ర వదిలినట్టు లెక్క కాకూడదు అని. నాకు చూపిస్తే రెండు అక్షర దోషాలు దిద్దాను. నాలుగు వారాలైంది, జవాబు రాలేదు. అది వచ్చేదాకా దయానిధి జైల్లోనే ఉంటాడట.

ఇంకొకరి పిల్లకి కట్ అనే హక్కు కావాలని ఇంత పొడుగు వ్యాసం రాశాను. నేను మాత్రం ఇరవై రెండేళ్ళలో మా బావగారితో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. వచ్చే నెల మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం ఉంది. అందరూ వస్తున్నారు. ఆయన కూడా వస్తున్నారు.